చుక్కలు పెట్టి ఇచ్చిన ముగ్గు: ఇంటి ఫొటోలకు లేయర్ల టెంప్లేట్లు

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం ఉదయం, ఇంటి ఫొటోలతో కంప్యూటర్‌లో స్క్రాప్‌బుక్ పేజీలు చేసుకోవడం గురించి విజయవాడ ఆల్బం డిజైనర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి వినపడుతోందా? సరే. ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళు ఫొటోలు గట్టిగా పట్టుకోండి, ఎగిరిపోతాయి. ఇంట్లోంచి ఒక పాత ఫొటో పట్టుకురమ్మని ముందే చెప్పాం కదా, తెచ్చినవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. అబ్బో, సగానికి పైనే ఉన్నారు. మూడో వరుసలో పెద్దమ్మగారూ, మీ చేతిలోది స్టూడియో ఫొటోలా ఉందే. తెనాలిలో తీయించారా? వెనక ఏదో రాసుందా? ఉంచండమ్మా, చివర్లో మీ దగ్గరికే వస్తాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక కలర్ ల్యాబ్‌లో పని నేర్చుకున్నాను. పెళ్ళి ఆల్బంలు డిజైన్ చేయడం నా వృత్తి. 20 ఏళ్ళు దాటింది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, ఎన్ని వేల షీట్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఇవాళ మాత్రం ఆ ఆల్బంల గురించి మాట్లాడటానికి రాలేదు. మీ ఇంట్లో మీరు, మీ చేత్తో, మీవాళ్ళ ఫొటోలతో చేసుకునే పేజీ గురించి మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే, ఇన్నేళ్ళ తర్వాత నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. పెళ్ళి ఆల్బంలో అన్నీ ఉంటాయి. పువ్వులుంటాయి, మెరుపులుంటాయి, రెండు వైపులా చిలకలుంటాయి. ఎవరు ఎవరో రాసి ఉండదు. ఒక్క పేరుండదు. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, తేదీ, అంతే. ఆ పక్కన అక్షింతలు వేస్తున్న ముసలాయన ఎవరు? 20 ఏళ్ళయ్యాక ఎవరిని అడుగుతాం?

స్క్రాప్‌బుక్ అనగానే ఇదేదో అమెరికా వ్యవహారం అనుకోకండి. మన చిన్నప్పుడు చేయలేదా? పాత లెక్కల పుస్తకం తీసుకుని, పేపర్లోంచి క్రికెటర్ల బొమ్మలు కత్తిరించి, అన్నం మెతుకులతో అంటించేవాళ్ళం. మెతుకులు ఆరాక పేజీ గట్టిపడి వంకర తిరిగేది. మైదా పిండి ఉడికించి జిగురు చేసుకున్నవాళ్ళు కూడా ఉంటారు ఇక్కడ. ఉన్నారా? చూశారా, నవ్వుతున్నారు. ఈ జిగురు బాధ అందరిదీ. మార్క్ ట్వేన్ అని పెద్ద రచయిత, ఆయనకీ ఇదే బాధ. పేజీల మీద ముందే జిగురు పూసి ఉంచి, తడిపి అంటించుకుంటే సరిపోయే స్క్రాప్‌బుక్ ఒకటి తయారుచేసి 1873లో పేటెంటు తీసుకున్నాడు. అంటే ఏంటి? 150 ఏళ్ళ కిందటే మనిషి కోరుకున్నది ఇదే. అంటించే బాధ వేరే ఎవరైనా చూసుకోవాలి, నేను నా పని చూసుకోవాలి. ఫొటోలకీ మాటలకీ చోట్లు ముందే పేర్చి ఇచ్చే పేజీ, అదే టెంప్లేట్, వచ్చింది సరిగ్గా ఇందుకే.

ముందు లేయర్ అంటే ఏంటో చూద్దాం. పాత ఆల్బంలు గుర్తున్నాయా? నల్లటి మందపాటి పేజీలు. ఫొటో నాలుగు మూలలకీ చిన్నచిన్న కాగితం తొడుగులు. పేజీకీ పేజీకీ మధ్య పల్చటి తెల్ల కాగితం, దాని మీద సాలెగూడు డిజైను. పేజీ తిప్పగానే ముందు ఆ సాలెగూడు కనపడేది, దాని వెనక మసకమసగ్గా తాతయ్య మొహం. కాగితం ఎత్తితే మొహం స్పష్టంగా వచ్చేది. ఇప్పుడు చెప్పండి, అక్కడ ఎన్ని పొరలున్నాయి? కింద నల్ల అట్ట ఒకటి. దాని మీద ఫొటో ఒకటి. మూలల తొడుగులు ఒకటి. పైన సాలెగూడు కాగితం ఒకటి. నాలుగు పొరలు. దేన్ని కదిపినా మిగతావి చెడిపోవు. అదే లేయర్. అంతకు మించి ఏం లేదు.

కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫొటోషాప్, దాని మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. నోల్ అన్నదమ్ములు, థామస్, జాన్, వాళ్ళిద్దరి పని. అప్పుడు లేయర్లు లేవు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టి వదిలేస్తే అంటుకుపోయేది, ఇక కదిలేది కాదు. అచ్చం మన అన్నం మెతుకులే. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. అంటించినదాన్ని మళ్ళీ లేపొచ్చు, జరపొచ్చు, మూసిపెట్టొచ్చు అన్న సుఖం అప్పటి నుంచి మొదలైంది. ఇవాళ మనం చేసే ప్రతి పనీ ఆ సుఖం మీదే నిలబడింది.

మరి టెంప్లేట్ అంటే? ఇక్కడ ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, ముగ్గులు వేయని చెయ్యి ఉండదు. 15 చుక్కలు, 8 వచ్చేదాకా, సందు చుక్క. ఈ మాట వినగానే మీ చెయ్యి దానంతటదే కదులుతుంది. చుక్కలు ఒకటే. ఒకరు పద్మం వేస్తారు, ఒకరు చిలకలు వేస్తారు, ఒకరు రథం లాగుతారు. చుక్కలు పెట్టినంత మాత్రాన ముగ్గు అయిపోయిందంటామా? చుక్కలు వద్దు, నేను ఉత్త చేత్తోనే వేస్తానని మొదటిసారి ముగ్గు పట్టుకున్న పిల్ల అంటే ఒప్పుకుంటామా? మనం కూర్చున్న బ్రాడీపేటే చూడండి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే చాలు, ఎక్కడి నుంచైనా వచ్చేయొచ్చు. గీతలు ఎవరో ఎప్పుడో గీసి పెట్టారు. ఆ గీతల మధ్య ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయా? ఒక గుమ్మానికి మామిడాకులు, పక్క గుమ్మానికి బంతిపూలు. టెంప్లేట్ కూడా అంతే. గీతలు వాళ్ళవి, ఇల్లు మీది.

ఫైలు తెరుద్దాం

ఇప్పుడు స్క్రీను మీద ఒక టెంప్లేట్ తెరుస్తున్నాను. ఇది పి.ఎస్.డి. ఫైలు, అంటే లేయర్లన్నీ విడివిడిగా దాచుకునే ఫొటోషాప్ ఫైలు. 12 అంగుళాలు పొడవు, 12 అంగుళాలు వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 3600 పిక్సెళ్ళు. పెళ్ళి ఆల్బంవాళ్ళం 12 బై 36 షీటు వాడతాం, అది 3600 బై 10800. ఇంటి పుస్తకానికి 12 బై 12 చాలు, పట్టుకోవడానికి కూడా ఒళ్ళో సరిపోతుంది.

ఏం కనపడుతోంది? బూడిద రంగులో నాలుగు పలకలు, ఒక గుండ్రటిది, ఒక రిబ్బన్ ముక్క, పైన చోటు నింపడానికి పెట్టిన అర్థంకాని లాటిన్ అక్షరాలు. ఇదేంటి ఇలా వెలవెలబోతోంది అనిపిస్తుంది. అలాగే ఉండాలి. కుడివైపు లేయర్ల పట్టీ చూడండి, కింద నుంచి పైకి చదవాలి. అడుగున పేపర్ అని ఉంది. దాని మీద ఫొటో 1, ఫొటో 2, ఫొటో 3, ఫొటో 4. ఆ పైన రిబ్బన్. ఆ పైన టైటిల్. అన్నిటికన్నా పైన జర్నలింగ్ అని ఉంది చూశారా? అంటే మీ మాటలు రాసే చోటు. దాన్ని గుర్తుపెట్టుకోండి. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క లేయర్ కోసం.

అన్నిటికన్నా ముందు ఒక పని. సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో దాచుకోండి. అసలు టెంప్లేట్ ముట్టుకోవద్దు. రేపు ఇంకో పేజీకి అదే కావాలి.

ఇక ఫొటో పెడదాం. ఫొటో 1 అనే బూడిద పలక మీద క్లిక్ చేశాను. మా అమ్మ ఫొటో లోపలికి తెచ్చాను. ఇప్పుడు ఆ ఫొటో ఆ పలకకి సరిగ్గా పైన లేయర్‌లో ఉంది. పేజీని సగం కప్పేసింది. కంగారు పడకండి. కంట్రోల్, ఆల్ట్, జి, మూడూ కలిపి నొక్కండి. మాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్, జి. చూశారా? ఫొటో పలక ఆకారంలోకి ఒదిగిపోయింది. దీన్ని క్లిప్పింగ్ మాస్క్ అంటారు. పూరీలు గుండ్రంగా రావాలని పిండి పరిచి గిన్నె మూతతో నొక్కుతాం కదా, అలాంటిదే. ఒక్క తేడా ఉంది. పూరీకి చుట్టూ మిగిలిన పిండి విడిపోతుంది. ఇక్కడ విడిపోదు. ఫొటో మొత్తం అలాగే ఉంది, ఆ ఆకారం మేరకే కనపడుతోంది. కదిపి చూపిస్తాను. అమ్మ మొహం ఎడమకి జరిపాను. వెనకున్న తులసికోట లోపలికి వచ్చింది. వద్దనుకుంటే వెనక్కి. ఎన్నిసార్లయినా.

కొత్తవాళ్ళు తడబడేది ఎక్కడో చెప్తాను. ఫొటోని పలకకి కింద పెడతారు. కిటికీ వెనక మనిషి ఉంటాడు కదా అని. ఇక్కడ ఆ లెక్క కాదు. ఫొటో పైన, ఆకారం కింద. ఇంకో పొరపాటు, ఫొటో సైజు మార్చేటప్పుడు మొహం సాగిపోవడం. పాత ఫొటోషాప్‌లో షిఫ్ట్ నొక్కకుండా మూల లాగితే సాగేది. 2019 వెర్షన్ నుంచి తిరగబడింది, షిఫ్ట్ నొక్కితేనే సాగుతుంది. అందుకే పాత అలవాటున్నవాళ్ళకి మొహాలు సాగుతున్నాయి. పుచ్చకాయలా సాగిన అమ్మమ్మ మొహాన్ని దయచేసి ఎవరూ ప్రింటు చేయకండి.

ఫొటోషాప్ కొనాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఎలిమెంట్స్ అని చిన్న వెర్షన్ ఉంది, అందులోనూ క్లిప్పింగ్ మాస్క్ ఉంది. ఫొటోపీ అని ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పి.ఎస్.డి. తెరుస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, మీటలు కూడా ఫొటోషాప్‌వే. ఇంట్లో మామూలు కంప్యూటర్ ఉన్నవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే. గింప్ ఉచితమే, మంచిదే. అందులో ఈ క్లిప్పింగ్ ఇలా ఉండదు. బూడిద పలక మీద కుడి క్లిక్ చేసి ఆల్ఫా టు సెలెక్షన్ అనాలి, తర్వాత ఫొటో లేయర్ మీదికి వెళ్ళి, ఆ సెలెక్షన్‌తో లేయర్ మాస్క్ పెట్టాలి. రెండడుగులు ఎక్కువ, ఫలితం అదే.

పక్కన ఎవరో అడుగుతున్నారు, ఫోన్‌లో అవ్వదా అని. నాలుగు ఫొటోలు పక్కపక్కన పేర్చే యాప్‌లు బోలెడున్నాయి, వాటితో మొదలుపెట్టినా నాకు సంతోషమే. కానీ అంగుళానికి 300 చుక్కల పేజీ మీద, ఒక్కో పొరా విడిగా ఉండేలా పని చేయాలంటే పెద్ద స్క్రీను కావాలి, మౌస్ కావాలి. కళ్ళకీ మంచిది.

నీడల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫొటో కింద చిన్న నీడ పెడితే కాగితం మీద నిజంగా అంటించినట్టు ఉంటుంది. కానీ అన్ని నీడలూ ఒకే వైపు పడాలి. నీడ పెట్టేచోటే గ్లోబల్ లైట్ అని టిక్కు ఉంటుంది, పెట్టండి. కాగితానికి సన్నటి నీడ, గుండీకో పువ్వుకో కాస్త పెద్ద నీడ. పొద్దున ఎండలో గడప మీద చెంబు పెడితే నీడ ఎలా పడుతుందో ఒకసారి చూసి రండి, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి. ఒకే టెంప్లేట్‌ని పావు వంతు తిప్పండి, కొత్త పేజీ. తలకిందులు చేయండి, ఇంకో పేజీ. అద్దంలో చూసినట్టు తిరగేయండి, మరోటి. ఫొటోలు పెట్టకముందే తిప్పాలి సుమా. నాలుగు ఫొటోలకి చోటుంది, మీ దగ్గర రెండే ఉన్నాయా? రెండు పలకలు మూసేయండి, లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కితే చాలు. ఖాళీ వదిలితే ఖాళీగా ఉందనుకోకండి. ఆ చోట మాటలు రాయండి.

అమ్మ చేతిరాత

ఇప్పుడు నాకు ఇష్టమైన పేజీ చూపిస్తాను. ఇది మా అమ్మ ఆవకాయ పేజీ. పెద్ద ఫొటోలో అమ్మ కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయ కొడుతోంది. చిన్న పలకల్లో జాడీ, ఆవపిండి పళ్ళెం, వేడన్నంలో కలిపిన మొదటి ముద్ద. పేజీ అడుగున ఉన్న పేపర్ చూడండి. టెంప్లేట్‌తో పాటు వచ్చిన పేపర్ల మీద మంచు పలుకులు, కప్ కేకులు ఉంటాయి. మన ఆవకాయకి మంచు పలుకులెందుకు? అమ్మ కట్టుకున్న మంగళగిరి చీర, నిజాం అంచుది, తీసుకొచ్చి స్కానర్ మీద పరిచాను. స్కానర్ పలక చిన్నదే, చీర పెద్దది, మరి ఎలా? ఆరంగుళాల ముక్కని 600 చుక్కలతో స్కాన్ చేశాను. ఆరు 600లు 3600. సరిగ్గా పేజీ నిండింది. నేత పోగులు రెండింతలై కనపడుతున్నాయి చూడండి, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. టైటిల్ రంగు కూడా నేను ఎంచలేదు. బొమ్మలోంచి రంగు తీసుకునే ఐడ్రాపర్‌తో ఆ అంచు మీద నొక్కాను, అంతే. ఫొటోలో ఉన్న రంగే పేజీలోకి తెచ్చుకుంటే ఎప్పుడూ తప్పు పోదు.

ఇక కుడి మూల చూడండి. అది అమ్మ చేతిరాత. వంటల నోటుబుక్కులో పేజీ. "కారం సోలెడు, ఉప్పు గిద్దెడు తక్కువ" అని రాసుంది. పక్కన నూనె మరక. నోటుబుక్కు కాగితం పసుపెక్కి ఉంటుంది కదా, మరి ఇక్కడ అక్షరాలు నేరుగా చీర మీద రాసినట్టు ఎలా వచ్చాయి? ఆ స్కాన్‌ని నలుపు తెలుపు చేశాను. వెలుగునీడలు సరిచేసే లెవెల్స్‌లో కాగితం తెల్లబడేదాకా జరిపాను. తర్వాత లేయర్ బ్లెండింగ్‌ని, అంటే ఆ లేయర్ కిందిదానితో కలిసే తీరుని, మల్టిప్లై అని మార్చాను. మల్టిప్లైలో తెలుపు మాయమైపోతుంది, నలుపు నిలబడుతుంది. నూనె మరక కూడా లేతగా నిలబడింది, దాన్ని కావాలనే ఉంచాను. మరక చెరిపేస్తే అది అమ్మ నోటుబుక్కు కాదు.

ఈ పేజీ చేసిన రోజే అమ్మని అడిగాను, ఉప్పు ఎందుకు తగ్గించావని. చిన్నమామయ్యకి బీపీ వచ్చిన ఏడాది నుంచి తగ్గించానంది. నాకు తెలీదు ఆ సంగతి. ఆ జాడీలో ముద్ద కలుపుకుని తిన్నవాళ్ళం, ఎవరికీ తెలీదు. అది జర్నలింగ్ లేయర్‌లో రాశాను. చూడండి, మూడే వాక్యాలు. పలకలు ఎక్కడ పెట్టాలి, ఎంత వంచాలి అని నేను ఆ రోజు కుస్తీ పడుతూ కూర్చుంటే అమ్మని ఆ ప్రశ్న అడిగేదాన్నా? టెంప్లేట్ ఆ పని చేసిపెట్టింది కాబట్టి నాకు అడిగే తీరిక దొరికింది. టెంప్లేట్ వాడితే మన ప్రతిభ ఏముంటుంది అని కొంతమంది అంటారు. నేను ఒప్పుకోను. మీ ప్రతిభ ఆ మూడు వాక్యాల్లో చూపించండి.

తెలుగులోనే రాయండి. అమ్మ మాటని ఇంగ్లీషులో పెడితే అది అమ్మ మాట కాదు. కానీ ఫొటోషాప్‌లో తెలుగు రాయబోతే ఒక చిక్కు వస్తుంది. గుంటూరు అని కొట్టండి, బాగానే వస్తుంది. విజయవాడ, అదీ బాగానే వస్తుంది. ఎందుకు? వాటిలో వత్తులు లేవు కాబట్టి. ఇప్పుడు అమ్మమ్మ అని కొట్టండి. మ్ విడిగా, మ విడిగా పడతాయి. నేనెప్పుడూ పరీక్షకి ఈ మాటే కొడతాను. అలా విడిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనేచోటికి వెళ్ళి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉన్నది ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అంటారు. ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి కొట్టండి. అమ్మమ్మ ఒక్కటైపోతుంది.

డీటీపీ పని తెలిసినవాళ్ళు "అను" అనే పాత తెలుగు ఫాంట్లకి అలవాటుపడి ఉంటారు. నేనూ వాటితోనే నేర్చుకున్నాను. కానీ వాటిలో కొట్టిన అక్షరాలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా కనపడతాయి. మీ మనవడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంటుందా? అందుకని ఇంటి పుస్తకానికి, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్ ఫాంట్లు వాడండి. మండలి, రామభద్ర, సూరన్న ఉన్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి అని రాయలవారి కవుల పేర్లతోనే ఫాంట్లున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో అన్నీ ఉచితం. చిన్న అక్షరాలతో ఎక్కువ రాయాలంటే నా ఓటు మండలికి.

లేయర్లు కలిపేయకండి

ఇది కొంచెం బాధగా ఉంటుంది చెప్పడానికి. మా అన్నయ్య పెళ్ళి ఆల్బం నేనే చేశాను. కొత్తలో. మొదటి షీటు మీద తాతయ్య ఫొటో, కింద పేరు. డిస్కులో చోటు చాలక, అన్ని లేయర్లూ ఒకే బొమ్మగా కలిపేసి, ఆ జేపెగ్ బొమ్మలు మాత్రం ఉంచుకుని, పి.ఎస్.డి.లు తీసేశాను. ఆల్బం ఇంటికొచ్చింది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదటి షీటు చూశారు. చూసి, "అమ్మాయ్, మన ఇంటిపేరులో వత్తు పోయింది" అన్నారు. మందలించలేదు. అంతే అన్నారు. ఒక్క వత్తు. లేయర్ ఉండుంటే అర నిమిషం పని. కలిపేసిన జేపెగ్‌లో ఆ పేరు కింద జరీ అంచు డిజైను ఉంది, పేరు చెరిపితే అంచు పోతుంది. మళ్ళీ మొదటి నుంచి చేయాలి, చేద్దాంలే అనుకున్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ చేయలేదు. ఆ ఆల్బంలో ఇప్పటికీ అలాగే ఉంది.

అందుకని చెప్తున్నాను. ప్రింటు తీసే ల్యాబ్‌కి జేపెగ్ పంపండి, ఎస్.ఆర్.జి.బి. అనే మామూలు రంగుల సెట్టింగులో పంపండి, కానీ పి.ఎస్.డి. మీ దగ్గర ఉంచుకోండి. కలపకుండా ఉంచుకోండి. రెండు చోట్ల ఉంచుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మీవాళ్ళ దగ్గర.

వేరే ఊళ్ళో ఎందుకంటున్నానంటే, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వరద వచ్చింది కదా. సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు. నీళ్ళు తీశాక నా దగ్గరికి ఆల్బంలు మోసుకొచ్చారు జనం. బీరువా కింది అరలో పెట్టుకుంటాం కదా ఆల్బంలు, బరువుగా ఉంటాయని. ముందు మునిగేది ఆ అరే. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కొందరు ఆదుర్దాలో పొడిగా ఉండగానే లాగేశారు, మొహాలు పైపొరతో సహా లేచిపోయాయి. ఎప్పుడైనా అలా జరిగితే లాగకండి. శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి, మెల్లగా విడిపోనిచ్చి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. ఆ రోజుల్లో నేను పి.ఎస్.డి. ఉంచుకున్న ఇళ్ళవాళ్ళకి మళ్ళీ ప్రింటు తీసి ఇవ్వగలిగాను. ఒకావిడ మాత్రం, కాపాడుకున్న ఒకే ఒక ఫొటో పట్టుకొచ్చింది. వాళ్ళ అత్తగారు, పక్కన ముగ్గురు పిల్లలు. పిల్లలెవరమ్మా అంటే ఆవిడకి తెలీదు. అత్తగారు లేరు. ఫొటో బాగుచేసి ఇచ్చాను, చాలా బాగా వచ్చింది. ఆ ముగ్గురి పేర్లు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది?

అందుకని పాత ఫొటో స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర ఉంటుంది, తేదీ ఉంటుంది, ఒక్కోసారి తాతయ్య చేతిరాత ఉంటుంది. దాన్ని కూడా ఒక లేయర్‌గా పేజీలో పెట్టండి. చిన్న ఫొటోని పెద్దది చేయాలంటే ఎక్కువ చుక్కలతో స్కాన్ చేయాలి. అంగుళం పాస్‌పోర్టు ఫొటోని పేజీలో నాలుగంగుళాలు చేయాలంటే 1200 పెట్టండి. నాలుగు మూడొందలు పన్నెండొందలు, చిన్న లెక్కే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో జాగ్రత్త. నాకు వచ్చేవాటిలో పొడవు వైపు 1600 పిక్సెళ్ళు దాటనివే ఎక్కువ. 300తో భాగిస్తే ఐదంగుళాల చిల్లర. పేజీ నిండా పెడితే అలుక్కుపోతుంది. పంపేవాళ్ళని డాక్యుమెంటుగా పంపమనండి, అసలు సైజులో వస్తుంది.

ఇప్పుడు ఏ.ఐ.తో పాత ఫొటోలు మెరిపిస్తున్నారు. మరకలు పోతున్నాయి, నిజమే. కానీ ఒక్కోసారి మొహమే మారిపోతోంది. తాతయ్య చెంప మీద మశూచి మచ్చలు పోయి, ఎవరో సినిమా హీరోలా అవుతున్నారు. అలా చేయించుకున్నా, అసలు ఫొటోని కింద లేయర్‌గా ఉంచండి. కన్ను మూసి ఉంచండి, పారేయకండి. ఎప్పుడైనా ఎవరైనా కన్ను తెరిస్తే ఆయన అక్కడే ఉంటారు.

టెంప్లేట్లు ఎక్కడ దొరుకుతాయి అంటారు. ఉచితంగా ఇచ్చేవాళ్ళున్నారు, తక్కువ ధరకి అమ్మేవాళ్ళున్నారు. ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, అది చదవండి. సొంతానికి మాత్రమే అని ఉంటే సొంతానికే. పెన్‌డ్రైవ్‌లో వేల టెంప్లేట్లు వంద రూపాయలకని అమ్ముతుంటారు, అవి ఎవరి కష్టమో ఎవరూ చెప్పరు. వాటి జోలికి వెళ్ళకండి. ఇంకా మంచిది, మీరే చేసుకోండి. నాలుగు బూడిద పలకలు గీసి, వాటికి పేర్లు పెడితే టెంప్లేట్ అయిపోయినట్టే. మీకు నచ్చిన ముగ్గు ఫొటో తీసి, దాని మీద పలకలు పేర్చి చూడండి.

సరే, చాలాసేపు మాట్లాడాను. పెద్దమ్మగారూ, రండి, ఇలా ముందుకి రండి. ఎవరైనా చెయ్యి అందించండి. ఫొటో ఇవ్వండమ్మా. స్కానర్ అద్దం తుడిచి ఉంచాను. ఇది ముందు వైపు... వచ్చింది. అందరికీ కనపడుతోందా? నిలబడ్డ అమ్మాయి మీరేనా? పరికిణీ అంచు చూడండి, ఎంత స్పష్టంగా ఉందో. పలకలో పెట్టాను. ఇప్పుడు వెనక వైపు. పెన్సిల్‌తో రాసింది, బాగా వెలిసిపోయింది, నాకు అందటం లేదు. మీకు కంఠతా వచ్చు కదా? జర్నలింగ్ లేయర్ మీదే ఉన్నాను. లాటిన్ అక్షరాలు తీసేశాను. మెల్లగా చెప్పండమ్మా, నేను కొడతాను.